బండి దాకా కుళాయి రానివ్వండి

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీ ప్రాంతాన్ని చూసే నగరపాలక కమిషనర్ గారికి,



మా కాలనీలో పొద్దుగూకేసరికి వెలిగే ఫాస్ట్ ఫుడ్ బండ్ల గురించి ఈ ఉత్తరం. వాటిని తీసేయించమని మీకు అర్జీలు వస్తూనే ఉంటాయి. వాటి జోలికి వెళ్ళొద్దని చెప్పేవాళ్ళూ ఉంటారు. నేను అడిగేది ఈ రెండూ కాదు. ఆ బండ్లకు నీళ్ళ సౌకర్యం కల్పించండి. మంచినీళ్ళ కుళాయి, దాని కింద తొట్టి, ఆ తొట్టి నుంచి మురుగు కాలువలోకి ఒక గొట్టం. ఇన్నేళ్ళుగా కాలనీలో ఉంటూ ఈ బండ్ల దగ్గర తింటున్నాను, అక్కడ నిలబడి పని జరిగే తీరు చూస్తున్నాను. ఈ తిండి మీద ఎవరు ఏ ఫిర్యాదు చేసినా, దాని మూలం వెతుక్కుంటూ వెళితే చాలావరకు నీళ్ళ దగ్గరే తేలుతుంది.

ముందు ఇక్కడ తినేది ఎవరో చెప్పాలి. జేఎన్‌టీయూ నుంచి కూకట్‌పల్లి దాకా హైవేకు రెండు పక్కలా బట్టల షోరూములు, నగల దుకాణాలు, సెల్‌ఫోన్ షాపులు, మాల్స్. వెనక వీధుల్లో అడుగడుగునా హాస్టళ్ళు. 2017 నవంబరులో మియాపూర్ నుంచి మెట్రో మొదలయ్యాక జనం ఇంకా పెరిగారు. చీరల షోరూములో పొద్దుటి నుంచి నిలబడి, మడత విప్పి చూపించి, మళ్ళీ మడత పెట్టే అమ్మాయిలు బయటపడేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది. హాస్టల్లో అప్పటికి భోజనాల వేళ అయిపోతుంది, లేదంటే అడుగున నీళ్ళ పప్పు మిగిలి ఉంటుంది. గదిలో స్టవ్ పెట్టుకోనివ్వరు. క్యాబ్ డ్రైవర్లు, ఆర్డర్లు మోసే కుర్రాళ్ళు, మాల్స్‌లో సెక్యూరిటీ చేసేవాళ్ళు, కోచింగ్‌కు వచ్చి ఇంకా ఉద్యోగం దొరకని పిల్లలు, అందరిదీ ఇదే పరిస్థితి. మాల్‌లోని ఫుడ్ కోర్టులో ఒక పూట తిన్న డబ్బు బండి దగ్గర రెండు మూడు పూటలకు సరిపోతుంది. ఇంటి తిండి తినండి, ఆరోగ్యం చూసుకోండి అని వీళ్ళకు చెప్పడం తేలికే. వంటిల్లు లేనివాడికి వంటిల్లు ఆ బండే.

కాబట్టి బండిని సరదా తిండి పెట్టే చోటుగా చూడొద్దని నా మొదటి మనవి. కొన్ని వేల మందికి అది రోజూ రాత్రి భోజనం.

బండి పని ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూడండి. మధ్యాహ్నమే అన్నం వండి, గింజ గింజ విడేలా వెడల్పాటి ట్రేల్లో ఆరబెడతారు. క్యాబేజీ, క్యారెట్, బీన్స్, ఉల్లికాడలు సన్నగా తరిగి డబ్బాలకెత్తుతారు. నూడుల్స్ ఉడికించి నూనె రాసి పెడతారు. మంచూరియా ఉండలు ఒక వాయి వేయించి పక్కన పోస్తారు. సాయంత్రం బండి నిలబెట్టాక మాస్టర్ ముందు నల్లటి కడాయి, దాని కింద హోరుమనే గ్యాస్ పొయ్యి. "అన్నా, ఒక డబుల్ ఎగ్, కారం తక్కువ" అని చెప్పడమే ఆలస్యం. గరిటెతో నూనె, గుడ్లు, కూరగాయలు, అన్నం, ఉప్పు, మిరియాల పొడి, సోయా సాస్, చిల్లీ సాస్, ఒక చుక్క వెనిగర్. నాలుగు సార్లు ఎగరేస్తే ప్లేటు తయారు. రెండు మూడు నిమిషాల పని. ఆ ఒడుపు ఏళ్ళ తరబడి నిలబడితేగాని రాదు. అంతటి వేడి మీద, అప్పటికప్పుడు, కళ్ళెదుట వండి పెట్టే తిండి ఊళ్ళో ఎక్కువ చోట్ల దొరకదని నా నమ్మకం.

ప్లేటు దించాక ఏం జరుగుతుందో చూడండి. కడాయిలో గ్లాసుడు నీళ్ళు పోసి, పుల్లల కుంచెతో గిరగిరా తిప్పి, ఆ నీళ్ళు రోడ్డు పక్కకు విసిరేస్తారు. మాస్టర్ చేతిలో గరిటె, ఆ చేత్తోనే గుడ్డు పగలగొట్టడం. పక్కనున్న కుర్రాడు డబ్బు తీసుకుంటాడు, ఉల్లిపాయ ముక్కలు వేస్తాడు, ప్లేటు అందిస్తాడు. మధ్యలో చేయి కడుక్కోవడానికి ఉన్నదల్లా బండి కింద ఒక బకెట్. సాయంత్రం ఆరింటికి నింపిన ఆ బకెట్‌లో నీళ్ళు ఎనిమిదయ్యేసరికి ఏ రంగులో ఉంటాయో మీరే వచ్చి చూడాలి. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు కొంటారు. అవి కొన్న నీళ్ళు కనుక చేతులకు, పాత్రలకు వాడబుద్ధి కాదు. వాళ్ళ స్థానంలో ఎవరున్నా అంతే చేస్తారు.

ప్లేటు సంగతి మరీ ముఖ్యం. చాలా బండ్ల దగ్గర ప్లేటుకు పల్చటి ప్లాస్టిక్ కవరు తొడిగి, దాని మీద పొగలు కక్కే అన్నం వేస్తారు. తినగానే కవరు ఊడదీసి పారేసి, కొత్తది తొడుగుతారు. ప్లేటు కడగక్కర్లేదు. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు దేశమంతటా నిషేధం. అదే ఏడాది చివరి నుంచి 120 మైక్రాన్ల కన్నా పల్చటి క్యారీ బ్యాగులూ నిషేధమే. మీ సిబ్బంది అప్పుడప్పుడు వచ్చి కవర్ల కట్టలు పట్టుకెళతారు, జరిమానా రాస్తారు. మర్నాడు మళ్ళీ కవర్లే. ఆ కవరు అక్కడికి వచ్చింది ప్లేటు కడిగే దిక్కు లేక. కడిగే వీలు కలిగితే స్టీలు ప్లేటు దానంతటదే వెనక్కి వస్తుంది. కవర్ల కట్ట రోజూ కొనడమూ ఖర్చే కదా. జరిమానాతో కానిది కుళాయితో అవుతుందని ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

వేడి మీద చేసింది కదా, క్రిములు చచ్చిపోతాయి, ఇక భయమెందుకు అని కొందరంటారు. అందులో సగం నిజముంది. కడాయిలో ఎగిరిన గుడ్డుతో, కూరగాయలతో ముప్పు తక్కువ. ముప్పు ఎక్కువగా పొయ్యి ఎక్కని వాటితో: పైన చల్లే పచ్చి ఉల్లిపాయ, పక్కన పెట్టే చట్నీ, గ్లాసులో నీళ్ళు, అందించే చేయి. ఇక పొయ్యి ఎక్కినా లొంగనిది ఒకటుంది. వండిన అన్నాన్ని గది వేడిలో గంటల తరబడి ఉంచితే బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. అది విడిచే విషం మళ్ళీ వేయించినా పోదు. వాంతులు తెప్పించే ఆ విషం వేపుడన్నంతో ప్రపంచమంతటా ముడిపడి ఉంది. మధ్యాహ్నం వండిన అన్నాన్ని త్వరగా చల్లార్చి, చల్లగా ఉంచాలి. అంటే ఫ్రిజ్ కావాలి, ఫ్రిజ్‌కు కరెంటు కావాలి. ఇప్పుడు చాలా బండ్లకు కరెంటంటే పక్క దుకాణం నుంచి లాగిన ఒక వైరు, దానికి వేలాడే బల్బు. నీళ్ళ తర్వాత నేనడిగే రెండోది ఈ కరెంటు మీటరు.

అజినమోటో గురించి మా కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో జరిగేంత చర్చ అన్నం నిలవ గురించి ఎన్నడూ జరగదు. అనుమతి ఉన్న ఆ పదార్థం మీద పెట్టిన భయంలో పదో వంతు బకెట్ నీళ్ళ మీద పెట్టినా మేలు జరిగేది.

2024 అక్టోబరు చివర్లో బంజారాహిల్స్ ప్రాంతంలో మోమోలు తిని చాలామంది జబ్బుపడ్డారు, ఒక మహిళ చనిపోయారు. అక్టోబరు 30న రాష్ట్ర ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయోనైజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది. సరైన నిర్ణయం. పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు, దాన్ని చంపే వేడి మయోనైజ్‌కు తగలదు. అయితే ఆ వారమంతా తనిఖీల ఫొటోల్లో నేను వెతికింది వేరు. సీసాలు, డబ్బాలు, ఫ్రిజ్ అరలు చూపించారు. చేతులు కడుక్కునే చోటు ఎక్కడా చూపించలేదు. సాల్మొనెల్లా గుడ్డుతోనే రానక్కర్లేదు, పచ్చి కోడిమాంసం ముట్టుకున్న చేయి కడుక్కోకుండా ఉల్లిపాయ తరిగినా చాలు. అదే ఏడాది వేసవిలో పెద్ద పెద్ద రెస్టారెంట్లలో తనిఖీలు చేస్తే గడువు దాటిన సరుకులు, బొద్దింకలు బయటపడిన సంగతీ మీకు తెలుసు. అద్దాల తలుపు ఉంటే శుభ్రత వస్తుందని ఎవరూ అనుకోనక్కర్లేదు. కాకపోతే ఆ రెస్టారెంటు వాడికి వంటింట్లో కుళాయి ఉంది, శుభ్రంగా ఉండకపోతే అది వాడి తప్పే. బండివాడిని అదే కొలతతో కొలవాలంటే ముందు వాడికీ కుళాయి ఉండాలి.

చట్టం ఏమంటుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అయినా ఈ లేఖ చదివే కాలనీవాసుల కోసం చెబుతాను. వీధి వ్యాపారం రాజ్యాంగం ఇచ్చిన వృత్తి హక్కులో భాగమేనని, తగిన ఆంక్షలకు లోబడి చేసుకోవచ్చని సుప్రీంకోర్టు 1989లో సోదన్ సింగ్ కేసులో చెప్పింది. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాని ప్రకారం అయిదేళ్ళకోసారైనా సర్వే చేయాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ తొలగించకూడదు. వేరే చోటికి మార్చాలంటే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది ఎన్నికైన వ్యాపారులే ఉండాలి, వాళ్ళలో మూడో వంతు మహిళలు. మా వీధిలో మూకుడు, పొయ్యి లారీ ఎక్కించుకుపోయిన ప్రతిసారీ, పట్టుకున్న సరుకులో పాడయ్యేవాటిని అడిగిన రోజునే తిరిగివ్వాలన్న నిబంధన కూడా ఈ చట్టంలో ఉందని ఎవరైనా ఆ బండివాళ్ళకు చెబితే బాగుండుననిపిస్తుంది.

2024 జనవరి చివర్లో మాదాపూర్‌లో ఒక మహిళ నడిపే, యూట్యూబ్‌లో పేరొచ్చిన భోజనాల బండిని ట్రాఫిక్ పేరుతో తీయించబోతే, సాక్షాత్తు ముఖ్యమంత్రే కల్పించుకుని అక్కడే ఉండనివ్వమన్నారు. మంచి పని జరిగింది, ఆమె కష్టానికి ఆ గౌరవం దక్కాల్సిందే. కానీ యూట్యూబ్‌లో లక్షల మంది చూడని బండికి ఎవరు దిక్కు? పేరు రాని మనిషి కోసమే కదా చట్టం రాసింది.

ఒక సంగతి నన్ను బాగా బాధిస్తుంది. 2020 జూన్‌లో కేంద్రం పీఎం స్వనిధి పథకం పెట్టి వీధి వ్యాపారికి 10,000 రూపాయల తొలి అప్పు ఇచ్చింది. మా దగ్గర చాలామంది తీసుకున్నారు. బండి మీద క్యూఆర్ కోడ్ అతికించి ఉంటుంది. ఆహార భద్రతా చట్టం ఎంత చిన్న వ్యాపారినైనా రిజిస్ట్రేషన్ చేయించుకోమంటుంది. ఆ చట్టం కింద వచ్చిన 2011 నియమాల్లో చిన్న వ్యాపారి పాటించాల్సిన శుభ్రత ఒక షెడ్యూలుగా ఉంది: తాగడానికి పనికొచ్చే నీళ్ళే వాడాలి, చేతులు కడుక్కోవాలి, పాత్రలు శుభ్రంగా ఉంచాలి, వ్యర్థాలు మూత ఉన్న డబ్బాలో వేయాలి. అప్పు ఇవ్వడానికి ఆ మనిషిని గుర్తించారు, నియమాలు పెట్టడానికి గుర్తించారు, జరిమానాకు గుర్తించారు. నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అతనికి ఇంటి నంబరు లేదు కనుక కనెక్షన్ రాదు. మా ఇళ్ళకు 2021 నుంచి నెలకు 20,000 లీటర్లు ఉచితంగా ఇస్తున్నారు. ఎల్లంపల్లి దగ్గర ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు ఇన్ని జిల్లాలు దాటి కూకట్‌పల్లికి చేరుతున్నాయి. ఆఖరి పది అడుగులు, మా ప్రహరీ గోడ నుంచి ఆ బండి దాకా, దాటలేకపోతున్నాయి. డబ్బు కట్టడానికి బండివాళ్ళు సిద్ధంగా ఉన్నారు. క్యాన్లకు రోజూ కడుతూనే ఉన్నారు.

ఇది కొత్త ఆలోచనేమీ కాదు. సింగపూర్‌లో 1960ల చివర వీధి వ్యాపారులందరినీ నమోదు చేసి, 1970ల నుంచి నీళ్ళు, కరెంటు, మురుగు కాలువ ఉన్న హాకర్ సెంటర్లలోకి మార్చారు. దాదాపు పదిహేనేళ్ళు పట్టింది. అక్కడి హాకర్ సంస్కృతికి 2020లో యునెస్కో వారసత్వ గుర్తింపు దక్కింది. అంత దూరం వద్దనుకుంటే 2018లో అహ్మదాబాద్ కాంకరియా చెరువు గట్టున దేశంలో మొదటి క్లీన్ స్ట్రీట్ ఫుడ్ హబ్ వచ్చింది. ఇందోర్‌లో ఛప్పన్ దుకాణ్ అనే తిండి వీధి ఉంది. 2023లో కేంద్ర ఆరోగ్య శాఖ దేశంలో 100 ఫుడ్ స్ట్రీట్లు బాగుచేయడానికి ఒక్కోదానికి కోటి రూపాయలు ఇస్తామని రాష్ట్రాలకు రాసింది. ఆ డబ్బుతో ఏం చేయాలో చెప్పిన జాబితా చూడండి: మంచినీళ్ళు, చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్లు, నేలకు టైల్స్, మురుగు, చెత్త పోయే దారి, లైట్లు. నేను కోరుతున్నది ఆ జాబితాలోదే.

ఒక్క హెచ్చరిక. ఫుడ్ స్ట్రీట్ పేరుతో ఊరి చివర రంగురంగుల షెడ్లు కట్టి అక్కడికి పొమ్మంటే బండివాళ్ళు పోరు, పోయినా బతకరు. షోరూము పిల్ల రాత్రి పదింటికి ఆటో ఎక్కి నూడుల్స్ తినడానికి వెళ్ళదు. హాస్టలుకు నడిచే దారిలో ఉంటేనే అది ఆమె భోజనం. కుళాయి బండి దగ్గరికి రావాలి, వీలుకాకపోతే బండి నాలుగు అడుగులు కుళాయి వైపు జరగాలి. అంతకు మించి జరిపితే వ్యాపారం పోతుంది.

మా కాలనీవాసుల ఫిర్యాదులు తప్పని నేను అనను. మెట్రో మెట్లు దిగేచోట, మలుపు మొదట్లో బండి పెడితే నడిచేవాళ్ళు రోడ్డు మీదికి దిగాల్సివస్తుంది. చంకన పిల్లతో ఉన్న తల్లి, చేతికర్ర పట్టుకున్న పెద్దాయన బస్సుల మధ్యకు దిగడం నేను చూశాను. అక్కడ బండ్లు ఉండకూడదు, ఈ మాట బండివాళ్ళ ముందు కూడా అన్నాను. సిలిండర్లు జనం తిరిగే వైపు పెట్టడం ప్రమాదం. రాత్రి పొద్దుపోయాక మాటల హోరు పడకగదుల్లోకి వస్తుంది. అన్నిటికన్నా పెద్దది మురుగు: కడాయి కడిగిన జిడ్డు నీళ్ళు మ్యాన్‌హోల్‌లోకి పోయి, నూనె గడ్డకట్టి, వాన పడ్డ రోజున వీధంతా పొంగుతుంది. ఈ చివరిదానికీ మందు అదే తొట్టి. మాల్‌లోని వంటిళ్ళకు నూనె ఆపే పెట్టె బిగించినట్టే ఇక్కడ పది బండ్లకు కలిపి ఒకటి బిగించి, వారానికోసారి తీయిస్తే మా మ్యాన్‌హోల్ పొంగదు. వాడేసిన నూనెను సేకరించి బయోడీజిల్‌కు పంపే రూకో కార్యక్రమాన్ని ఆహార భద్రతా సంస్థ 2018లోనే మొదలుపెట్టింది. ఆ నూనె సేకరించే వాహనం వారానికోసారి మా వీధికీ వస్తే బజ్జీల మూకుట్లో నల్లబడ్డ నూనె మర్నాటికి నిలవ ఉండదు.

మూడు ఆఫీసుల పని ఇది. స్థలం మీ చేతిలో ఉంది, నీళ్ళు, మురుగు జలమండలి చేతిలో, తనిఖీ ఆహార భద్రతా అధికారుల చేతిలో. ఆ ముగ్గురూ ఒకే సాయంత్రం ఒకే వీధిలో నిలబడటం ఇంతవరకు జరగలేదు. తనిఖీ వాళ్ళు వచ్చినప్పుడు జలమండలి ఇంజనీరు ఉండడు, లారీ వచ్చినప్పుడు ఇద్దరూ ఉండరు. ఒక ఆఫీసు చేసింది ఇంకో ఆఫీసుకు తెలియకపోతే బండివాడు ప్రతివాడికీ భయపడటం ఒక్కటే నేర్చుకుంటాడు. భయపడేవాడు శుభ్రత కోసం ఖర్చు పెట్టడు. రేపు ఇక్కడ ఉంటానో లేదో తెలియని మనిషి స్టీలు కౌంటరు ఎందుకు చేయించుకుంటాడు?

అందుకే ఇలా చేయండి. ముందు ఒక్క వీధి తీసుకోండి. సర్వే చేసి, అక్కడ ఎన్ని బండ్లు పడతాయో బండివాళ్ళనూ మమ్మల్నీ కూర్చోబెట్టి తేల్చండి. నడిచే దారికి గీత గీయండి, ఆ గీత దాటిన బండిని తీసేయండి, మేం అడ్డుపడం. మిగిలినవాటికి సర్టిఫికెట్ ఇవ్వండి. పది బండ్లకు రెండు కుళాయిలు, ఒక తొట్టి, ఒక జిడ్డు పెట్టె, ఒక్కో బండికి కరెంటు మీటరు పెట్టి నెలకింత అని వసూలు చేయండి. బండ్ల దగ్గర పనిచేసే ఆడవాళ్ళు అయిదారు గంటలు నీళ్ళు తాగకుండా నిలబడుతున్నారు, బాత్రూమ్ లేదు కాబట్టి. వాళ్ళ కోసం ఒక మరుగుదొడ్డి. ఇవన్నీ అమరిన తర్వాత తనిఖీకి రండి, అప్పుడు చేయి కడుక్కోని మాస్టర్‌కు ఎంత జరిమానా రాసినా నేను మీ పక్షాన నిలబడతాను. ఈ వారంలోనే ఒక సాయంత్రం ఏడు నుంచి తొమ్మిదిలోపు జలమండలి ఇంజనీరును వెంటబెట్టుకుని మా వీధికి రండి. పైపు ఎక్కడి నుంచి లాగొచ్చో చూపించడానికి కాలనీవాళ్ళం కొందరం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
కేపీహెచ్‌బీ కాలనీవాసి